మక్కా బాట, మన మోటారు బండి

పాత కారు మాట వచ్చినప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ముఖాలు వికసిస్తాయి. దాని రంగు, దాని నంబరు, దాని హారను మోత, ఏ ఏట కొన్నది, ఎంతకు అమ్మినది, అన్నీ వరుసగా నోటికి వస్తాయి. పెళ్ళిరోజు మరచిపోయినవారు కూడా కారు నంబరు మరవరు. పిల్లలు ఇది చూసి నవ్వుకుంటారు. ఇనుప వస్తువు మీద ఇంత మమకారమేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి మాకు తోచిన సమాధానం చెప్పడానికే ఈ వ్యాసం.

సమాధానం కోసం మనం మలేషియా విడిచి కొంచెం దూరం పోవాలి. సౌదీ అరేబియాలో జెద్దా రేవునుండి మక్కా నగరానికి పోయే బాట మీదికి పోవాలి. ఆ బాటే ఎందుకంటే మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఒంటె పోయి మోటారు రావడమనే పెద్ద మార్పు అక్కడ ఒక్క మనిషి జీవితకాలంలోనే జరిగిపోయింది. రెండవది, ఆ బాటలో నిజాం కాలంనుండి మన తెలుగు నేల మనుషులు ప్రయాణం చేశారు. తరువాతి కాలంలో వారే అక్కడ బండ్లు నడిపారు. మూడవది, మలేషియాలో మన పక్కింట్లో ఉండే మలాయి కుటుంబాలకు ఆ ప్రయాణం జీవితాశయం. వారి నోట ఆ కబుర్లు వింటూనే మనం పెరిగాము.

మేము ముస్లిములము కాము గనుక ఆ నగరంలో అడుగు పెట్టే వీలు మాకు లేదు. చదివినదీ, మిత్రుల వద్ద విన్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాము.

ఒంటెల కాలం

జెద్దా ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం. అక్కడినుండి మక్కా ఇంచుమించు 75 కిలోమీటర్లు. ఇప్పుడు ఒక గంట ప్రయాణం. నూరేళ్ళ క్రితం మాత్రం రెండు రాత్రుల ప్రయాణం. పగటి ఎండకు తాళలేక ఒంటెల బిడారులు రాత్రివేళ నడిచేవి. సగం దారిలో బహ్రా అనే మజిలీ ఉన్నది. అక్కడ పగలంతా విశ్రమించి, పొద్దు వాలిన తరువాత మళ్ళీ బయలుదేరేవారు. మక్కానుండి మదీనాకు పోవాలంటే పది పన్నెండు రోజులు పట్టేది.

ఒంటె వీపు మీద శుగ్దుఫ్ అనే అమరిక ఉండేది. మన కావడి వంటిదే అనుకోండి. ఒంటెకు అటు ఒక మంచం, ఇటు ఒక మంచం, పైన ఎండ తగలకుండా గుడ్డ కప్పు. రెండు పక్కలా ఇద్దరు కూర్చోవాలి. ఇద్దరి బరువూ సమానంగా ఉండాలి. ఒకరు బక్కగా ఉంటే ఆ వైపు మూటలు పెట్టి సరిచేసేవారు. ఒకరు దిగాలంటే రెండవవారికి చెప్పి దిగాలి. లేకపోతే ఇద్దరూ నేల మీదే.

ఒంటె కూడా అందరికీ అందేది కాదు. పశ్చిమ ఆఫ్రికానుండి వచ్చే పేద యాత్రికులు ఖండమంతా కాలినడకన దాటి వచ్చేవారు. దారిలో కూలి చేసుకుంటూ, పిల్లలను కంటూ, ఏళ్ళ తరబడి నడిచేవారు. మక్కాలో మగ యాత్రికులందరూ కుట్టులేని తెల్లగుడ్డ కట్టుకుంటారు. ఆ దుస్తులలో రాజు, కూలి అనే తేడా కనిపించదు. కాని ఆ ఊరికి పోయే దారి మీద మాత్రం తేడా స్పష్టంగా కనిపించేది. ఒంటె ఎక్కినవాడు పైన, నడిచేవాడు కింద.

మన వారి విషయానికి వస్తే, హైదరాబాదు రాజ్యంనుండి యాత్రికులు ముందుగా బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కి జెద్దాలో దిగేవారు. ఆ రాజ్యంలో తెలంగాణా జిల్లాలతోబాటు మరఠ్వాడా, కన్నడ జిల్లాలుకూడా ఉండేవి. తమ రాజ్యంనుండి వచ్చినవారు పరాయి ఊళ్ళో వీధిపాలు కాకూడదని నిజాం ప్రభువులు మక్కాలో సత్రాలు ఏర్పాటు చేశారు. వాటిని రుబాత్ అంటారు. పెద్ద మసీదును విస్తరించినప్పుడు కొన్ని భవనాలు పోయినా ఆ ఏర్పాటు మాత్రం నిలిచింది. రాజ్యం 1948లోనే పోయింది. అయినా ఆ పాత జిల్లాల యాత్రికులకు చీట్లు వేసి ఉచిత బస ఇచ్చే పద్ధతి మన కాలందాకా సాగుతూ వచ్చింది. ఓడ ప్రయాణాలు 1995తో ముగిశాయి.

మోటారు వచ్చిన విధం

1908లో రైలు మదీనా వరకు వచ్చింది. మక్కాకు మాత్రం రాలేదు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన షరీఫు హుస్సేను వద్ద కొద్ది మోటార్లు ఉండేవి. కాని సామాన్య యాత్రికుడికి ఒంటే గతి. ఒంటెల వారు ఎడారి తెగల మనుషులు. ఆ బాడుగే వారి కుటుంబాలకు ఆధారం. మోటారు వస్తే వారి నోటిలో మట్టి పడుతుందన్న భయం న్యాయమైనదే.

1924లో నజ్దు ప్రాంతపు ప్రభువు అబ్దుల్ అజీజ్ మక్కాను స్వాధీనం చేసుకున్నాడు. బయటి ప్రపంచం ఆయనను ఇబ్న్ సౌద్ అని పిలిచేది. 1925 చివరికి జెద్దా కూడా ఆయన వశమైంది. ఆ వెంటనే యాత్రికుల కోసం మోటార్లు దిగుమతి కావడం మొదలైంది. రెండు రాత్రుల దారి కొన్ని గంటల దారిగా మారింది. రోడ్డు అనదగినది లేదు. ఒంటెలు నడిచి నడిచి చేసిన జాడే రోడ్డు. చక్రం ఇసుకలో దిగబడితే టైరులో గాలి తగ్గించి, అందరూ దిగి తోసేవారు. టికెట్టు కొన్నవాడు కూడా తోయవలసిందే.

ఆ రోజుల్లో జెద్దాలో ఫోర్డు కార్ల ఏజెన్సీ నడిపినవాడు సెయింట్ జాన్ ఫిల్బీ అనే ఇంగ్లీషువాడు. బ్రిటిషు ప్రభుత్వంలో ఉద్యోగం వదిలి అరేబియాలో స్థిరపడ్డాడు. 1930లో ఇస్లాం స్వీకరించాడు. రాజుకు స్నేహితుడు, సలహాదారు, పైగా కార్ల వ్యాపారి. తరువాత తన ఫోర్డు బండ్ల మీదే అరేబియా దక్షిణ ప్రాంతాలు తిరిగి పటాలు తయారుచేశాడు.

1933లో లేడీ ఎవెలిన్ కోబోల్డ్ అనే స్కాట్లండు దొరసాని మక్కా యాత్ర చేసింది. అప్పటికి ఆమెకు 65 ఏళ్ళు. జెద్దానుండి మదీనాకు, మక్కాకు మోటారులోనే పోయింది. మరుసటి ఏడు తన యాత్ర గురించి పుస్తకం ప్రచురించింది. ఆ వయసులో ఒంటె మీద ఆ దూరం పోగలిగేదా అంటే సందేహమే. ముసలివారికి, స్త్రీలకు మోటారు చేసిన మేలు ఇంతింత కాదు.

అయితే అదే కాలంలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కమ్ముకున్నది. 1920ల చివర లక్షదాకా వచ్చే విదేశీ యాత్రికులు 1933 నాటికి సుమారు 20,000కు పడిపోయారు. రాజు ఆదాయానికి మూలం ఆ యాత్రికులే. రాబడి పడిపోయింది, ప్రభుత్వం కొన్న మోటార్లకు బాకీలు పేరుకుపోయాయి. ఫిల్బీకి కూడా చాలా సొమ్ము రావలసి ఉన్నది. అటువంటి సమయంలో 1933 మే నెలలో జెద్దాలో రాజ ప్రతినిధులు ఒక అమెరికా కంపెనీకి నూనె వెతికే హక్కు 35,000 బంగారు పౌన్లకు ఇచ్చారు. 1938లో దమ్మాము వద్ద నూనె పడింది. మోటారు కొనడానికి డబ్బు లేని దేశంలో మోటార్లన్నిటికీ కావలసిన నూనె దొరికింది. ఆ నూనే నలభై ఏళ్ళ తరువాత మన తెలుగు పిల్లలను అక్కడికి లాక్కుపోయింది. ఆ సంగతి ముందు చెబుతాము.

రాజుల కార్లు

పాత కార్ల కథలనగానే అందరూ రాజుల కార్లు చెబుతారు. మేముకూడా రెండు చెప్పి ముందుకు పోతాము.

హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు ఆర్డరు వెళ్ళింది. పసుపుపచ్చ రంగు. వెనక సీటు సింహాసనంలాగా ఎత్తుగా ఉంటుంది. కారు సిద్ధమయ్యేలోగా, 1911లో, నిజాం కాలం చేశాడు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వచ్చింది. ఉత్సవాలకు తప్ప బయటికి తీయలేదు. దాని జీవితంలో మొత్తం నడిచింది 356 మైళ్ళు మాత్రమేనని చెప్పుకుంటారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో దానిని ప్రదర్శనకు ఉంచారు.

రెండవది ఇబ్న్ సౌద్ రాజుది. 1945 ఫిబ్రవరిలో ఈజిప్టులో ఆయన్ను కలుసుకున్న చర్చిల్, తరువాత ఒక రోల్స్‌రాయిస్ ఫాంటమ్ కారు కానుకగా పంపించాడు. దానికి స్టీరింగు కుడివైపు ఉన్నది. రాజుకు ముందు సీటులో కూర్చోవడం అలవాటు. ఆ కారులో కూర్చుంటే డ్రైవరుకు ఎడమ పక్కన కూర్చోవాలి. అది మర్యాద కాదని రాజు దానిని తమ్ముడికి ఇచ్చేశాడని అంటారు.

ఇవి గొప్ప కార్లే. చూసి ఆశ్చర్యపోతాము. కాని వాటికోసం బెంగపడి కన్నీరు పెట్టుకున్నవాడు ఉన్నాడా? 356 మైళ్ళు నడిచిన బండికి ఏమి జ్ఞాపకాలు ఉంటాయి? మనుషులు బెంగపడేది నడిచిన బండికోసం, తాము నడిపిన బండికోసం.

తోటలో సైకిలు, తరువాత కారు

ఇక మన సంగతికి వద్దాము. మన తాతలు మదరాసులోనో నాగపట్టణంలోనో ఓడ ఎక్కి పినాంగు రేవులో దిగారు. కంగాణీ తీసుకుపోయిన చోటికి పోయారు. పెరాక్‌లో కొబ్బరి తోటలు, రబ్బరు తోటలు. ఊరినుండి రేవుకు ఎవరో తీసుకుపోయారు. రేవునుండి తోటకు ఎవరో తీసుకుపోయారు. తోటలో ఒక మూలనుండి మరో మూలకు లారీలో నిలబెట్టి తీసుకుపోయారు. ఎక్కమన్నప్పుడు ఎక్కడం, దిగమన్నప్పుడు దిగడం. తెల్లవాళ్ళ పుస్తకాలలో దీనికి రవాణా అని పేరు. ప్రయాణమని మాత్రం ఎక్కడా రాయలేదు.

తోటలో కూలి వానికి మొదట వచ్చిన సొంత వాహనం సైకిలు. దానిమీద కూడా ఒక కట్టుబాటు ఉండేది. తెల్లదొర గాని, గుమాస్తా కిరాణి గాని ఎదురైతే కూలివాడు సైకిలు దిగి నిలబడాలి. ఇది మేము కల్పించి చెప్పేది కాదు. 1941లో సెలంగూరు రాష్ట్రం క్లాంగు ప్రాంతపు రబ్బరు తోటలలో భారతీయ కూలీలు పెద్ద సమ్మె చేశారు. కూలి పెంచమన్న కోరికతోబాటు, దొరల ముందు సైకిలు దిగే ఆచారం పోవాలన్నది కూడా వారి కోరికలలో ఒకటి. ఆ సమ్మెను సైన్యంతో అణచివేశారు. కొందరు తుపాకి గుండ్లకు ప్రాణాలు కోల్పోయారు. చక్రం మీద కూర్చునే హక్కు కూడా మన వారు ఊరికే పొందలేదని పిల్లలు తెలుసుకోవాలి.

1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. మన పిల్లలు కొందరు చదువుకుని బడిపంతుళ్ళు, గుమాస్తాలు, తోట ఆసుపత్రి డ్రెస్సర్లు అయ్యారు. వారిలో చాలామందికి మొదటి కారు మారిస్ మైనర్. ఈ కారు 1948 అక్టోబరులో లండన్ ప్రదర్శనలో బయటికి వచ్చింది. దీనిని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. ఆయన పుట్టింది టర్కీలోని స్మిర్నా పట్టణంలో. 1922లో అక్కడి యుద్ధంలో ఇల్లూవాకిలీ వదిలి, తల్లితో ఇంగ్లండు చేరినవాడు. అంటే ఆయనకూడా మనలాగే పరాయి నేల మీద బ్రతుకు వెతుక్కున్నవాడే. నమూనా కారు మరీ ఇరుకుగా ఉన్నదని, దానిని నడిమికి కోసి మధ్య 4 అంగుళాలు కలిపించాడట. కంపెనీ యజమాని లార్డు నఫీల్డుకు ఆ గుండ్రని రూపం నచ్చలేదు. పగలగొట్టి నీళ్ళలో ఉడికించిన కోడిగుడ్డులాగా ఉన్నదని వెక్కిరించాడు. ఆ కోడిగుడ్డే 1960 చివరికి పది లక్షలు దాటింది. బ్రిటిషు కార్లలో ఆ లెక్క చేరిన మొదటి కారు అదే.

ఇండియాలోనూ ఈ కారుకు చుట్టరికం ఉన్నది. 1950 తొలి ఏళ్ళలో ఇదే కారును అక్కడ బేబీ హిందుస్థాన్ పేరుతో కూర్చి అమ్మారు. మారిస్ కుటుంబంలోని ఆక్స్‌ఫర్డు కారే కొద్ది మార్పులతో అంబాసిడర్ అయింది. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 2014 వరకు తయారైంది. మన వారు ఆంధ్రకు చుట్టపుచూపుగా పోయినప్పుడు స్టేషను బయట అంబాసిడర్లను చూసి, మా కారుకు అన్నగారు అని నవ్వుకునేవారు.

మేము 1984లో ఒక మారిస్ మైనర్ కొన్నాము. ఉద్యోగంలో కొత్త, జీతం కొద్ది. కారు మాకంటె ముందు ఇద్దరి చేతులు మారినది. బూడిద రంగు. ఇంటిముందు ఆపగానే మా నాయన బయటికి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. రబ్బరు పాలు గీసి చేతులు కాయలు కాచిన మనిషి. కూర్చోమంటే చెప్పులు విడిచి, చేత పట్టుకుని ఎక్కాడు. చెప్పులు వేసుకోవచ్చు నాయనా అంటే వినలేదు. తోట రోడ్డు మీదికి పోయాము. ఒక మలుపు దగ్గర ఆపమన్నాడు. కాసేపు కిటికీలోనుండి చూసి, "ఇక్కడే మా అయ్య సైకిలు దిగేవాడు" అన్నాడు. ఇక ఏమీ అనలేదు. మేము బండి మళ్ళీ కదిలించాము.

తువాన్ హాజీ చెప్పిన సంగతులు

మా బడిలో ఒక మలాయి మాస్టారు ఉండేవారు. 1982లో మక్కా యాత్ర చేసి వచ్చారు. అందరమూ తువాన్ హాజీ అని గౌరవంగా పిలిచేవారము. వారి ఊరు మా దారిలోనే గనుక రోజూ మా మారిస్‌లో కలిసి వచ్చేవారు. ఒక వారం పెట్రోలు మాది, ఒక వారం వారిది. మక్కా బాట మీద మాకు ఆసక్తి పుట్టింది ఆ ప్రయాణాల్లోనే.

జెద్దాలో 1981లో కొత్త విమానాశ్రయం తెరిచారని, యాత్రికులకోసం గుడారాల ఆకారంలో పెద్ద పందిరి కట్టారని ఆయన చెప్పారు. అక్కడినుండి ఒక అమెరికా కారులో ఆరుగురిని ఎక్కించారట. షెవర్లె కాప్రిస్. "చెక్గూ, మన మారిస్‌ను దాని డిక్కీలో పెట్టవచ్చు" అని నవ్వించేవారు.

డ్రైవరు ఎవరో ఇండియా మనిషి. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఇంకొక డ్రైవరుతో మాట్లాడుతుంటే ఈయన చెవికి తెలిసిన మాటలు వినిపించాయి. తువాన్ హాజీ తోటల పక్క ఊళ్ళో పెరిగినవారు. చిన్నప్పుడు తెలుగు పిల్లలతో ఆడినవారు. డ్రైవరు మళ్ళీ వచ్చి కూర్చోగానే "బాగున్నావా?" అన్నారట. ఆ మనిషి స్టీరింగు మీద చేయి పెట్టినవాడు పెట్టినట్లే ఉండిపోయాడు. తెలంగాణా పల్లెటూరి ముస్లిం అతను. మలాయి హాజీ నోట తెలుగు మాట వింటానని ఎన్నడూ అనుకోలేదు. తరువాత దారంతా తన ఊరు, తన పిల్లలు, తన చెరువు గురించి చెబుతూనే ఉన్నాడట. సగం ఈయనకు అర్థం కాలేదు. అయినా వింటూ కూర్చున్నారు. దిగేటప్పుడు అతను బాడుగ తీసుకోవడానికి మొహమాటపడ్డాడట.

హరాజు బజారు

ఆ డ్రైవరు అక్కడికి ఎలా వచ్చాడు? 1973 అక్టోబరులో అరబ్బులకు, ఇజ్రాయేలుకు యుద్ధం జరిగింది. కొన్ని నెలల్లోనే నూనె ధర పీపా 3 డాలర్లనుండి ఇంచుమించు 12 డాలర్లకు పెరిగింది. ఆ డబ్బుతో గల్ఫు దేశాలు రోడ్లు, రేవులు, ఊళ్ళు కట్టడం మొదలుపెట్టాయి. మనుషులు కావలసి వచ్చారు. హైదరాబాదు పాతబస్తీనుండి, కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండి, కడప, గోదావరి జిల్లాలనుండి మన వారు బయలుదేరారు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు, ఇంటి పనివారు. మన తాతల కాలంలో ఓడ, కంగాణీ. వీరి కాలంలో విమానం, ఏజెంటు. పాసుపోర్టు కఫీలు చేతిలో, అంటే యజమాని చేతిలో ఉండేది. చాలామంది కంపెనీ బస్సులో నిలబడి పనికి పోయినవారే. ఆ బస్సును చూస్తే మన తోట లారీ గుర్తుకు రాక మానదు.

అయినా అక్కడ ఒక వింత జరిగింది. సొంత ఊరిలో సైకిలు తప్ప ఎరగనివాడు అక్కడ కారు కొనగలిగాడు. పెట్రోలు చవక. దేశం వదిలి పోయేవారు తమ కార్లను అమ్ముకు పోయేవారు. పాత వస్తువుల వేలానికి అక్కడ హరాజు అని పేరు. హరాజు బజారులో పాత కార్లు వరుసగా నిలబడి ఉండేవి. పెద్ద కాప్రిస్‌లు, టయోటా క్రెసిడాలు, డాట్సన్ పికప్పులు. నలుగురు స్నేహితులు చందాలు వేసుకుని ఒకటి కొనేవారు. లైసెన్సు ఉన్నవాడు నడిపేవాడు. శుక్రవారం సెలవునాడు సముద్రం ఒడ్డుకు. పండగనాడు ఇంకొక ఊరిలో ఉన్న తమ ఊరివాడి దగ్గరకు.

మక్కా బాట మీద శుమైసి అనే చోట ఈ స్నేహాలకు ఒక పరీక్ష ఉండేది. అక్కడ తనిఖీ ఉన్నది. ముస్లిములకు ఒక దారి, ముస్లిములు కానివారికి వేరొక దారి అని పెద్ద బోర్డులు ఉంటాయి. వేరే దారి మక్కాను చుట్టి తాయిఫు వైపు పోతుంది. ఒకే కారులో చందా వేసుకున్న నలుగురిలో ఇద్దరు హిందువులైతే, వారు ఆ బోర్డు దాటి పోలేరు. అందుకని ఆ ఇద్దరు జెద్దాలోనే ఉండిపోయేవారు. మిగిలిన ఇద్దరు మక్కాకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు వారికోసం ఖర్జూరాలు, జంజం నీళ్ళు తెచ్చేవారు. గల్ఫునుండి వచ్చిన మన వారి వద్ద ఇటువంటి మాటలు మేము విన్నాము. కారు అందరిదీ. దారి మాత్రం అందరిదీ కాదు. దాన్ని వారు తగవుగా చేసుకోలేదు. పెట్రోలు లెక్క మాత్రం నలుగురి మీదా సమానంగానే వేసుకునేవారట.

అందరూ కలిసి పోగలిగింది తాయిఫుకు. అది చల్లని కొండ ఊరు. సముద్ర మట్టానికి 1,800 మీటర్లకు పైన ఉన్నది. అల్ హదా కొండమీదుగా మెలికలు తిరిగే రోడ్డు 1965లో తెరిచారు. ఆ కొండ ఎక్కేటప్పుడు ఎడారి వేడి తగ్గి చల్లగాలి తగిలితే, ఒక్క నిమిషం తమ ఊరి చలికాలం గుర్తుకు వచ్చేదని చెప్పుకునేవారు.

ఒప్పందం ముగిసి ఇంటికి పోయేటప్పుడు కారు వెంట రాదు. మళ్ళీ హరాజు బజారుకే పోతుంది. ఇంటికి వచ్చేది ఫోటో మాత్రమే. కారు బానెట్టు మీద చేయి ఆనించి, నల్ల కళ్ళజోడు పెట్టుకుని తీయించుకున్న ఫోటో. తెలుగు నేలలో ఎన్నో ఇళ్ళ గోడలమీద ఆ ఫోటో ఉండేది. చూసినవారు డాబు అనుకున్నారు. అందులో డాబు లేదని మేము అనము. కాని ఆ ఫోటో తల్లికి ఒక కబురు కూడా చెప్పేది. అమ్మా, నన్ను ఇక్కడ ఎవరూ లారీలో నిలబెట్టి తీసుకుపోవడం లేదు, చక్రం నా చేతిలోనే ఉన్నది అని. కొన్నిసార్లు అది నిజం. కొన్నిసార్లు తల్లి బాధపడకూడదని స్నేహితుని కారు పక్కన నిలబడి చెప్పిన అబద్ధం. రెండింటినీ మనం గౌరవించాలి.

ఇప్పటి సంగతి

కాలం మారింది. 1985లో మలేషియా సొంత కారు ప్రోటాన్ సాగా వచ్చింది. పాత ఇంగ్లీషు కార్లు క్రమంగా రోడ్ల మీదనుండి తప్పుకున్నాయి. మా మారిస్‌ను కూడా 1991లో ఇచ్చివేశాము. కొన్నవాడు కుర్రవాడు. వాడి కళ్ళలో 1984నాటి మా కళ్ళు కనిపించాయి గనుక ధర దగ్గర పేచీ పెట్టలేదు.

మక్కా బాటమీద 2018లో వేగపు రైలు మొదలైంది. మక్కా, జెద్దా, మదీనా ఊళ్ళను కలుపుతూ 450 కిలోమీటర్ల దారి. ఒంటె మీద పది పన్నెండు రోజులు పట్టిన మక్కా మదీనాల మధ్య దూరం కొద్ది గంటల్లో అయిపోతున్నది. అదే ఏడు జూన్ నెలలో సౌదీ స్త్రీలకు కారు నడిపే హక్కు వచ్చింది. ఆనాడు మొదటిసారి చక్రం పట్టుకున్న ఆ స్త్రీలు ముసలివారైన తరువాత తమ కారు గురించి ఎలా మాట్లాడతారో మనం ఊహించగలము. రంగు, నంబరు, హారను మోత, అన్నీ చెబుతారు. మనవలు నవ్వుతారు.

పిల్లలు అడిగిన ప్రశ్నకు ఇదే మా సమాధానం. పెద్దవారికి పాత కారు మీద ఉన్నది ఇనుము మీది మమకారం కాదు. తరతరాలుగా ఒకరు ఎక్కించగా ఎక్కి, దించగా దిగిన కుటుంబంలో, ఒక మనిషి మొదటిసారిగా తాను పోదలచిన చోటికి తన చేత్తో పోయిన రోజు మీది మమకారం. తువాన్ హాజీని తీసుకుపోయిన ఆ తెలంగాణా డ్రైవరుకైనా, మా నాయనకైనా, హరాజు బజారులో చందా వేసుకున్న నలుగురికైనా అది ఒకటే. రాజులకు ఈ మమకారం అర్థం కాకపోవచ్చు. వారు ఎన్నడూ సైకిలు దిగి నిలబడలేదు.

మరొక మాట చెప్పి ముగిస్తాము. మన ఇళ్ళలో ఆల్బములలో పాత కార్ల ఫోటోలు ఉన్నాయి. చాలావాటి వెనక ఏమీ రాసి లేదు. కారు పక్కన నిలబడినవారిలో సగంమంది ఇప్పుడు లేరు. ఈ పండుగకు ఇంటిల్లిపాదీ కలిసినప్పుడు ఆ ఫోటోలు తీయండి. కారు ఏది, ఏ ఏట కొన్నది, అంతకు ముందు ఆ మనిషి ఏ బండి ఎక్కేవాడు, ఎవరి ముందు దిగేవాడు, అడిగి తెలుసుకోండి. తెలుగు వచ్చినంతలో తెలుగులోనే ఫోటో వెనక రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు. మేముకూడా సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నవారమే.